టీచరమ్మ కారుకి తొంభై ఒక్క గుర్రాలు

ప్రభుదాస్ ఒంటిచేత్తో బాగుచేసిన మొదటి కారు, రెండు వారాలు తిరక్కుండానే అమ్మకానికి వచ్చింది.

తెచ్చింది యజమానురాలే. వసుంధర టీచర్ గారు. షెడ్డు ముందు కారాపి, తలుపు తీసి, ముందు చేతికర్ర కింద ఆనించి, ఎడమ కాలికున్న ఇనప చట్రం సరిచేసుకుని, నెమ్మదిగా దిగారు. దిగి తాళంచెవి దాసు చేతిలో పెట్టారు.

"దీన్ని ఎవరికైనా చూడు నాయనా. ధర దగ్గర నాకు పట్టింపు లేదు. మంచి చేతుల్లో పడితే చాలు."

దాసుకి ఆ మాట బుర్రకెక్కలేదు. కారు ముందు అద్దం మీద, ఓ మూలన, సున్నంతో తను రాసిన 91 ఇంకా చెక్కుచెదరకుండా ఉంది. అంత అంకె ఉన్న కారుని అమ్ముకోవడమేమిటి?

ఆ అంకె సంగతి ముందు చెప్పాలి.

విజయవాడ ఆటోనగర్‌లో ఆ వీధి కుర్రాళ్లకి ఒక అలవాటుంది. ఇంజను పనో గేర్‌బాక్సు పనో అయిన కారుని వీధి చివర గోవర్ధన్ షెడ్డుకి తీసుకెళ్తారు. అక్కడ నేలలో రోలర్లుంటాయి. చక్రాల్ని వాటి మీదికి ఎక్కించి, కారుని బెల్టులతో కట్టేసి, యాక్సిలరేటర్ తొక్కుతారు. చక్రాలు రోలర్లని ఎంత బలంగా తిప్పితే అంత హార్స్ పవర్ అని తెర మీద అంకె పడుతుంది. కుర్రాళ్లు హార్స్ పవర్ అనరు, గుర్రాలు అంటారు. ఆ అంకెని అద్దం మీద సున్నంతో రాసి, వీధిలో ఓ చుట్టు తిప్పి, అప్పుడు యజమానికి అప్పజెబుతారు. ఆయన ఇంటికెళ్లి కడుక్కుంటాడు. టీ బడ్డీ దగ్గర మాత్రం వారం పాటు అదే ముచ్చట. ఆ కారు ఎవరు నడుపుతారు, ఎక్కడికి వెళ్తారు అని అడిగినవాడు ఆ బడ్డీ దగ్గర ఇంతవరకూ కనపడలేదు.

దాసు గురువు మస్తాన్‌వలి ఉస్తాద్ ఆ రోలర్ల జోలికి పోడు. ఆటోమేటిక్ గేర్‌బాక్సు పాడైతే గుంటూరు నుంచి కూడా ఆయన్నే వెతుక్కుంటూ వస్తారు. ఆయన పరీక్ష వేరు. పనయ్యాక వెనక సీట్లో కూర్చుంటాడు. దాసు నడపాలి. పటమట వెళ్లి వచ్చేలోగా ఉస్తాద్‌కి కునుకు పట్టిందా, పని కుదిరినట్టు. పట్టలేదా, గేర్‌బాక్సు మళ్లీ కిందికి దిగాల్సిందే. "మా ఉస్తాద్ మిషన్ అంకెలు చూపించదు, గురక పెడుతుంది" అని దాసు బడ్డీ దగ్గర అందర్నీ నవ్వించేవాడు. అలాగని గురువంటే ప్రేమ లేదని కాదు. నవ్వించే మాట నోటిదాకా వచ్చాక ఆపుకోవడం దాసు వల్ల కాదు.

ఉస్తాద్ కసుమూరు దర్గాకి గంధం ఉత్సవానికి వెళ్తూ, అట్నుంచి నెల్లూరులో చెల్లెలింట్లో కొన్నాళ్లుంటానని చెప్పి, టీచర్ గారి కారు దాసుకి అప్పజెప్పాడు. "కన్వర్టర్ పోయింది. విప్పి, బాగుచేసి, అదే వెయ్" అన్నాడు. ఉస్తాద్ పక్కన లేకుండా గేర్‌బాక్సు దించడం దాసుకి అదే మొదలు.

ఆటోమేటిక్ కారులో క్లచ్ ఉండదు. ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య, రెండు మూకుళ్లని ఎదురెదురుగా మూసినట్టు, గుండ్రటి డబ్బా ఒకటుంటుంది. అదే టార్క్ కన్వర్టర్. నిండా నూనె. ఇంజను వైపు ఒక ఫ్యాను, చక్రాల వైపు ఒక ఫ్యాను. ఒకదాన్నొకటి తాకవు. ఇంజను తన ఫ్యానుని తిప్పితే నూనె కదుల్తుంది, ఆ నూనె పోయి అవతలి ఫ్యానుని తోస్తుంది. వదులు కన్వర్టర్ అయితే నూనె కాస్త జారుతుంది. ఆ జారిన బలం వేడైపోతుంది, చక్రాల దాకా రాదు, రోలర్ల మీద అంకె తగ్గుతుంది. బిగువు కన్వర్టర్ అయితే జారుడు తక్కువ, అంకె ఎక్కువ. ఇంజను అదే, మనిషీ అదే. మధ్యలో డబ్బా మారితే అంకె మారిపోతుంది.

ఉస్తాద్ చెప్పినట్టే దాసు పాత కన్వర్టర్ బాగుచేశాడు. బల్ల మీద తుడిచి పెట్టాడు. అప్పుడు పై అరలో ఇంకోటి కనపడింది. తుక్కులోకి వచ్చిన డీజిల్ బండిది. అదే గేర్‌బాక్సుకి సరిపోతుంది, దీనికంటే చాలా బిగువు. చేతిలోకి తీసుకున్నాడు. ఇక పాతదాని వైపు చూడలేదు.

రోలర్ల మీద తొంభై ఒకటి పడింది. ఆ మోడల్ కారు తొంభై దాటడం గోవర్ధన్ కూడా చూడలేదట. టీచర్ గారు కారు తీసుకోడానికి వచ్చినప్పుడు దాసు ఆ అంకె గురించి చేతులు తిప్పుతూ ఎంత సంబరంగా చెప్పాడంటే, ఆవిడకి ఏమీ అర్థం కాకపోయినా, "అయితే దీన్ని కడగన్లే" అని నవ్వి వెళ్లారు. నిజంగానే కడగలేదు.

ఇప్పుడు అదే కారు పక్కన నిలబడి, దాసు అడిగాడు.

"ఏమైంది టీచర్ గారూ? బండేమన్నా ఇబ్బంది పెట్టిందా?"

"బండికేం, రాజాలా ఉంది. నా కుడికాలే అయిపోయింది నాయనా. ఇదివరకు సిగ్నల్ దగ్గర బ్రేకు మీద పాదం అలా ఆనిస్తే చాలు, ఆగేది. ఇప్పుడు తొక్కిపట్టాల్సి వస్తోంది. కాస్త పట్టు సడలిందా, ముందుకి జారిపోతున్నా. మోకాలు ఒకటే సలుపు. మొన్న బందరు రోడ్డులో ముందున్న ఆటోకి ఆనించేశాను. ఎవరికీ ఏం కాలేదులే. ఆ ఆటో అతను కోపంగా దిగొచ్చి, ఈ చట్రం చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. నాలుగు తిట్టినా బాగుండేది."

"సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో వేసుకోండి."

"వేస్తున్నా. మళ్లీ గేరులో వేసేసరికి ఎగిరిపడుతోంది. అయినా ఆ ట్రాఫిక్‌లో ఎన్నిసార్లని వేయను?"

దాసు ఎక్కి కూర్చున్నాడు. ఇంజను వేసి, గేరులో పెట్టి, బ్రేకు తొక్కాడు. కారు అంగుళం కదల్లేదు. సాయంత్రమైతే వాలీబాల్ ఆడే కాలది, దానికి ఏ తేడా తెలుస్తుంది?

దిగి, మెత్తగానే అన్నాడు. "బండిలో లోపమేం లేదు టీచర్ గారూ. బ్రేకులు కొత్తవి. మీరన్నట్టు... కాలికి వయసొచ్చిందేమో. డ్రైవర్ని పెట్టుకుంటే?"

"ఇంటింటికీ తిరిగే టీచర్‌కి డ్రైవరా?" ఆవిడ నవ్వేశారు.

పుట్టుకతో చెవులు వినపడని పిల్లలకి మాటలు నేర్పడం ఆవిడ పని. కంకిపాడు, ఉయ్యూరు, మధ్యలో ఊళ్లు. పిల్లల ఇళ్లకే వెళ్లి నేర్పుతారు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది కాబట్టి, క్లచ్ లేని ఈ కారే ఆవిడకి కాళ్లు.

"ఉయ్యూరులో ఓ పిల్ల ఉంది" అన్నారు ఆవిడ, కారు వైపు చూస్తూ. "'మ' దగ్గరికి వచ్చేసింది. దాని చెయ్యి తీసి నా గొంతు మీద పెట్టుకుని అంటాను. తర్వాత ఆ చెయ్యే దాని గొంతు మీద పెట్టి అనమంటాను. ఇంకో నెల వెళ్తే వాళ్లమ్మని అమ్మా అని పిలుస్తుంది. ఆవిడ ఆ పిలుపు కోసం ఆరేళ్ల నించీ ఎదురుచూస్తోంది. బస్సు మెట్లు నేనెక్కలేను. పిల్లని ఎవరికైనా అప్పజెబుదామంటే ఆ దారిలో ఈ పని తెలిసినవాళ్లు లేరు." చేతికర్ర సర్దుకుని, "ఎవర్నీ గుద్దకముందే ఆపెయ్యడం మర్యాద కదా నాయనా" అన్నారు.

దాసుకి జాలేసింది. నిజంగానే వేసింది. జాలిపడుతూ కూడా ఒకసారి ఆ 91 వైపు చూసుకున్నాడు.

ఉస్తాద్ ఆ ముందురోజే నెల్లూరు నించి దిగాడు. లోపల బల్ల దగ్గర కూర్చుని ఇదంతా వింటున్నాడు. లేచి వచ్చి టీచర్ గారికి సలాం చేశాడు. బల్ల మీద పాత కన్వర్టర్ తళతళలాడుతూ అలాగే ఉండటం ఆయన చూడకపోలేదు.

"ఏది వేశావ్?" అన్నాడు దాసుతో.

"డీజిల్ బండిది ఉస్తాద్. బిగువుది. అందుకే అంత నంబరు."

ఉస్తాద్ వంగి కారు కింద చూశాడు. "బాగా బిగించావ్. ఒక్క చుక్క కారలేదు" అన్నాడు. దాసు మొహం వెలిగింది.

ఉస్తాద్ రెండు చెక్కదిమ్మలు తెచ్చి ముందు చక్రాలకి అడ్డం పెట్టాడు. చక్రాలకీ దిమ్మలకీ మధ్య నాలుగు వేళ్ల సందు ఉంచాడు.

"టీచరమ్మా, ఒక్కసారి మీ సీట్లో కూర్చోండి. పాదం బ్రేకు మీద పెట్టొద్దు, పక్కన పెట్టుకోండి. ఏసీ వేసుకోండి, మీరు రోజూ వేసుకుంటారుగా." తర్వాత దాసు వైపు తిరిగాడు. "నువ్వు కింద కూర్చో. బ్రేకు నీ చేత్తో నొక్కు."

"చేత్తోనా ఉస్తాద్?"

"చేత్తోనే."

దాసు తెరిచిన తలుపు దగ్గర నేల మీద మోకరిల్లి, చెయ్యి లోపలికి పెట్టి, బ్రేకు నొక్కాడు. ఉస్తాద్ అటు పక్కనించి ఇంజను వేసి, గేరులో పెట్టాడు.

"బెంజి సర్కిల్లో ఎర్రలైటు పడింది" అన్నాడు. అని, టీ తేవడానికి బడ్డీ వైపు నడిచాడు.

మొదట దాసుకి నవ్వొచ్చింది. వీధిలో ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని వెనక్కి చూశాడు. కాసేపటికి అరచేతి కింద ఏదో తెలిసింది. కారు ఊరుకోవడం లేదు. ముందుకి వెళ్తానని తోస్తూనే ఉంది. బిగువు కన్వర్టర్‌లో జారడానికి చోటు లేని నూనె, ఆగి ఉన్న చక్రాల్ని కూడా తోస్తోంది. మంకుపట్టు పట్టిన ఎద్దు పలుపు లాగినట్టు, ఆపకుండా లాగుతోంది. మణికట్టు నొప్పి మొదలైంది. తర్వాత మోచెయ్యి. ఏసీ అందుకున్నప్పుడల్లా ఇంజను ఓ పిసరు లేచి, తోపు ఇంకాస్త పెరుగుతోంది.

అతని మొహానికి జానెడు దూరంలో టీచర్ గారి రెండు కాళ్లూ ఉన్నాయి. ఎడమది ఇనప చట్రంలో, సన్నగా, పసిపిల్ల కాలిలా. కుడిది వాచిన మోకాలితో. చెప్పు బొటనవేలి దగ్గర అరిగిపోయి ఉంది. ఆ పాదం బ్రేకు మీద లేదు. అయినా ఊరికే లేదు. దాసు చెయ్యి బిగిసినప్పుడల్లా అది కూడా కింద చాపని నొక్కుతోంది, అతనికి సాయం పడదామన్నట్టు.

చెయ్యి వణకడం మొదలైంది. దాసు రెండో చెయ్యి కూడా లోపలికి పెట్టబోయాడు.

"రెండోది తియ్" వెనకనించి ఉస్తాద్ గొంతు. టీ గ్లాసులతో వచ్చి నిలబడ్డాడు. "ఆవిడకి రెండోది లేదు."

దాసు తీసేశాడు. పళ్లు బిగబట్టి నొక్కాడు. పట్టు సడలింది. కారు ముందుకి జారి, చక్రాలు దిమ్మలకి తగిలి ఆగాయి.

"నొప్పి పుడుతోందా నాయనా? వదిలెయ్" అన్నారు టీచర్ గారు కంగారుగా.

"పచ్చలైటు పడింది" అన్నాడు ఉస్తాద్. ఇంజను ఆపేశాడు.

దాసు లేవలేదు. అరచేతిలో బ్రేకు రబ్బరు గీతలు అచ్చుపడ్డాయి. ఉస్తాద్ అతనికి ఓ టీ గ్లాసు అందించాడు. పుచ్చుకుంటే సగం నేలపాలైంది.

"చూశావా, కుర్రాడివి, నీ చెయ్యే అలా వణికింది" టీచర్ గారు అతన్ని ఓదారుస్తున్నారు. "ముసలి కాలు పాపం, దాని తప్పేముంది?"

"బండి ఇవాళ్టికి ఇక్కడే ఉంచండి" అన్నాడు దాసు. బేరం కుదర్చడానికి కాబోలనుకుని ఆవిడ సరేనన్నారు. ఉస్తాద్ ఆటో పిలిచి దగ్గరుండి ఎక్కించాడు.

ఆయన తిరిగొచ్చేసరికి కారు జాకీల మీద ఉంది. దాసు దాని కింద ఉన్నాడు. ఎవరూ చెప్పలేదు. గేర్‌బాక్సు దించి, బిగువు కన్వర్టర్ ఊడదీసి, బల్ల మీదున్న పాతదాన్ని మళ్లీ తుడిచి ఎక్కించాడు. ఆ రోజు వాలీబాల్‌కి వెళ్లలేదు. మర్నాడు మధ్యాహ్నానికి అన్నీ బిగించి బయటికొచ్చాడు.

"అయింది ఉస్తాద్."

"అయితే తీసుకెళ్లి రోలర్ల మీద కొలిపించు."

దాసు తెల్లబోయాడు. జన్మలో రోలర్ల మాటెత్తని మనిషి. "ఎందుకు ఉస్తాద్? నంబరు పడిపోద్దని తెలుసుగా."

"అద్దం మీద ఉన్నది ఈ బండి నంబరు కాదుగా. తప్పు అంకెతో బండి ఎలా ఇస్తావ్?"

గోవర్ధన్ షెడ్డులో కారుని కట్టి తొక్కితే ఎనభై పడింది. గోవర్ధన్ తెర చూసి, దాసుని చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏం దాసూ, పదకొండు గుర్రాలు దారిలో తప్పిపోయాయా? పోలీసు కంప్లైంటు ఇద్దామా?" పక్కనున్న నలుగురూ అందుకున్నారు. దాసు చెవులు ఎర్రబడ్డాయి. ఇన్నాళ్లూ నవ్వించినవాడికి నవ్వులపాలవడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

షెడ్డుకొచ్చి తడిగుడ్డతో 91 తుడిచేశాడు. సున్నంలో వేలు ముంచి, మూలన ఎక్కడో చీమ తలకాయంత 80 వేశాడు.

ఉస్తాద్ కళ్లజోడు సర్దుకుంటూ వంగి చూశాడు. "నాకు కనపడట్లేదు బేటా. పెద్దగా రాయ్."

దాసు చెరిపి పెద్దగా రాశాడు.

సాయంత్రం కబురందుకుని టీచర్ గారు ఆటో దిగారు. అద్దం చూడగానే ఆగిపోయారు. "అయ్యో, పదకొండు తగ్గిపోయాయే నాయనా! పాపం ఎంత కష్టపడ్డావు. నేను సరిగ్గా నడపలేదా ఏంటి?"

ఆ మాట దాసుకి సూటిగా వెళ్లి తగిలింది. ఆవిడకి ఇంకా తన మీదే అనుమానం.

"ఎక్కండి టీచర్ గారూ. గేరులో వేయండి."

ఆవిడ ఎక్కారు. ఈ రెండు వారాల్లో అలవాటైనట్టు, ఒళ్లంతా బిగబట్టి, సీటుకి ఆనుకుని, బ్రేకు గట్టిగా తొక్కి, గేరు వేశారు.

"అంతొద్దు. కొంచెం వదలండి."

వదిలారు. కారు కదల్లేదు.

"ఇంకొంచెం."

ఇంకొంచెం వదిలారు. పాదం బ్రేకు మీద ఊరికే ఆని ఉంది. కారు అలాగే నిలబడింది. ఆవిడ కిందికి తన పాదం వైపు చూసుకున్నారు. చాలాసేపు చూసుకున్నారు.

"నా కాలు..." అన్నారు.

"మీ కాలికేం కాలేదు టీచర్ గారూ" అన్నాడు దాసు. "అప్పుడూ ఏం కాలేదు. నంబరు కోసం నేనే వేరే సామాను వేశాను. బండి తోస్తుంటే, అది మీ కాలి తప్పని చెప్పాను."

టీచర్ గారు అతన్ని చూశారు. కోప్పడతారేమోనని దాసు ఎదురుచూశాడు. కోప్పడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆవిడ కళ్లు నిండాయి, మళ్లీ నవ్వొచ్చింది, రెండూ ఒకేసారి వచ్చేసరికి కొంగుతో మొహం తుడుచుకున్నారు.

"ఎంత పని చేశావురా" అన్నారు. ఇన్నాళ్లూ నాయనా అన్న మనిషి మొదటిసారి రా అన్నారు. అతని చెయ్యి పట్టుకుని, ఇంకా కమిలి ఉన్న ఆ అరచెయ్యి చూసి, మెల్లగా నిమిరారు. "చీకటి పడకముందే ఉయ్యూరు చేరాలి. నిన్న రాలేదని పిల్ల గుమ్మంలోనే కూర్చుని ఉంటుంది."

కారు షెడ్డు దాటింది. వీధి చివర ఓ లారీ వెనక్కి తిప్పుకుంటూ దారికి అడ్డం వచ్చింది. అటూ ఇటూ బళ్లన్నీ హారన్లు కొడుతూ ముందుకీ వెనక్కీ ఊగుతున్నాయి. మధ్యలో టీచర్ గారి కారు వెనక ఎర్రలైట్లు వెలిగించుకుని, కదలకుండా నిలబడింది. దారి దొరికాక లైట్లు ఆరాయి, మెత్తగా సాగి మలుపు తిరిగింది.

దాసు అక్కడే నిలబడి చాలాసేపు అటే చూశాడు. ఉస్తాద్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఉస్తాద్" అన్నాడు దాసు, మలుపు మీంచి చూపు తిప్పకుండా. "ఆ పదకొండు గుర్రాలు ఎటు పోయినట్టు?"

"ఎటూ పోలేదురా" అన్నాడు ఉస్తాద్. "ఆవిడ ఆగమంటే ఆగుతున్నాయి."